ఇరవై రెండు అక్షరాలు

మా ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర ఈ మధ్య ఒక కాఫీ దుకాణం తెరిచారు. గోడలనిండా పాత కాలపు ప్రకటనలు అద్దాలు బిగించి వేలాడదీశారు. మొత్తం పందొమ్మిది. చేతిలో సిగరెట్టుతో చిరునవ్వు నవ్వే డాక్టరు ఒకటి, నల్లటి పిల్లను తోమి తెల్లగా తేలుస్తానన్న సబ్బు ఒకటి, కూర మాడ్చిన భార్య మీద చెయ్యెత్తిన భర్తను చల్లబరిచే టీ పొడి ఒకటి. నన్ను అక్కడికి మా తమ్ముడి మనవరాలు తీసుకువెళ్ళింది. ఆ పిల్ల ఒక్కొక్కటీ చూసి నవ్వుతూ పదహారో దాని దగ్గర ఆగి, "మామ్మా, ఇది తెలుగు కదా, ఏం రాసుంది?" అని అడిగింది.

అది గుడాకు క్యాలెండరు. గుడాకు అంటే పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసిన నల్లటి ముద్ద. ఖరగ్‌పూర్‌లో చాలామంది ఆడవాళ్ళు వేలితో పళ్ళకు రుద్దుకునేవారు. ఇప్పటికీ కొందరు రుద్దుకుంటారు. క్యాలెండరు మీద ముప్పై ఏళ్ళు దాటిన ఆడమనిషి, ఒళ్ళో మూడేళ్ళ కొడుకు, పళ్ళన్నీ కనిపించే నవ్వు. కింద నాలుగు వరుసల అచ్చు. కింది నుంచి రెండో వరుస ఇది: "కడుపుతో ఉన్నవారు రోజూ రెండు పూటలా వాడిన వేవిళ్ళు తగ్గును."

చదివి చెప్పాను. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా నవ్వారు. దుకాణం యజమాని, బెంగాలీ అతను, జనం ఇలా నవ్వుతారనే పెట్టానని చెప్పి, ఈ బొమ్మలోని ఆవిడ పాత సినిమా నటి కదా మాసీమా అని, నన్ను పిన్నిని చేసి అడిగాడు. కాదన్నాను.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో పద్నాలుగేళ్ళు ఆమెది మా పక్క క్వార్టరు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. పోయి ఆరేళ్ళు దాటింది. ఇక్కడ పేరు రాయను. ఒకసారి మొహం అచ్చులో పడినందుకే ఆమె పడ్డ శ్రమ నాకు తెలుసు.

ఆమె ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునేది కాదు. గడప పక్కన గోడకు వీపు ఆనించి, ఒక మోకాలు లేపి కూర్చునేది. ఆలోచించవలసి వస్తే చూపుడు వేలి గోటితో పై పంటిని టక్ టక్‌మని కొట్టేది. మూడు దెబ్బల్లోగా ఆలోచన తెగేది, లేకపోతే ఆ విషయం అక్కడితో వదిలేసేది. గడియారం చూడటం రాదు. రైల్వే వర్క్‌షాపు సైరనుతో ఎసరు పెట్టి సైరనుతో దించేది. భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. సైరను మోగని ఆదివారం ఆ ఇంట్లో అన్నం ఒకసారి మాడేది, ఒకసారి పలుకుగా ఉండేది. ఫిట్టరుగారు అదే తినేవాడు. ఆదివారం అన్నం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకునేవాడు.

పళ్ళు మాత్రం నిజంగానే మంచి పళ్ళు. ఉప్పు, బొగ్గుపొడి కలిపి తోముకునేది. గుడాకు ఒక్కనాడూ నోట్లో పెట్టలేదు.

ఆ క్యాలెండరు వేయించినది గోల్‌బజారులో గుడాకు తయారుచేసి అమ్మే తెలుగు వర్తకుడు. ఫిట్టరుగారి ఊరివాడే. ఊరివాడన్న మాట మీద ఫిట్టరుగారు ఒప్పుకున్నాడు. ఆమెను, కొడుకును స్టూడియోకి తీసుకువెళ్ళి ఫొటో తీయించారు. ఒక చీర పెట్టారు. బొమ్మ కింద ఏం రాస్తారో ఆమె అడగలేదు. ఆమెకు చదువు రాదు. తన పేరు, భర్త పేరు రాస్తారనుకుందట.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. చుట్టూ బెంగాలీ, హిందీ, ఒరియా. ఆ రోజుల్లో తెలుగులో అచ్చయినది ఏదైనా ఇంట్లోకి వస్తే అది దేవుడి పటం, లేదంటే బడి పుస్తకం. అచ్చయిన తెలుగులో అబద్ధం రాస్తారని ఎవరికీ తోచేది కాదు. సంవత్సరం అయిపోయినా తెలుగు క్యాలెండరును గోడ మీంచి తీసేవారు కాదు. దాని మీద వేలు పెట్టించి పిల్లలకు అక్షరాలు చెప్పేవారు. నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో పదకొండుమంది, ఏదైనా చదవమంటే గుక్కతిప్పుకోకుండా కడుపుతో ఉన్నవారు రోజూ రెండు పూటలా అని అప్పజెప్పారు. నేనూ నవ్వాను.

ఆమె క్వార్టరుకు అయిదో క్వార్టరులో శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఉండేది. పంతొమ్మిదేళ్ళు. మొగుడు వర్క్‌షాపులో ఖలాసీ, ఫిట్టర్ల చేతికింద పని. ఆ పిల్ల అయిదో తరగతి వరకు చదివింది. వానాకాలంలో నెల తప్పింది. వాంతులు. క్యాలెండరులో చదివి గుడాకు మొదలుపెట్టింది. రెండు పూటలా అని ఉన్నది రోజుకు ఏడుసార్లయింది. డిసెంబరులో కళ్ళు తిరిగి కుళాయి దగ్గర పడిపోయింది. జనవరిలో నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలకు రెండువందల గ్రాములు తక్కువ. ఆసుపత్రిలో ఇరవై మూడు రోజులు ఉంచారు. బిడ్డ బతికింది. లేడీ డాక్టరు, దీనివల్లే అని ఒట్టేసి చెప్పలేనుగాని పొగాకు మానాల్సిందేనని గట్టిగా చెప్పింది.

చూడటానికి వెళ్ళిన ఆమెతో ఆ పిల్ల అన్న మాట ఇది. "డాక్టరమ్మ బెంగాలీలో ఏదో అంటాది పిన్నీ. ఇది మన బాసలో అచ్చేసినారు. పైన నీ బొమ్మ కూడా ఏసినారు కదా."

ఆ సాయంత్రం ఆమె తన ఇంటి క్యాలెండరు మేకు మీంచి తీసి, చుట్టి, చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. గడప పక్కన కూర్చుని దాన్ని నేల మీద పరిచింది. అంచులు లేవకుండా నాలుగు మూలలా నాలుగు వేళ్ళు పెట్టింది.

"టీచరమ్మా, నా కింద ఏటి రాసున్నాది? ఉన్నదున్నట్టు సదువు."

చదివాను. కడుపుతో ఉన్నవారు అన్న వరుస దగ్గర చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అది ఎన్నో వరుసో వేలు పెట్టి చూపించమంది. కింది నుంచి రెండోది అని చూపించాను. పంటి మీద రెండు దెబ్బలు వేసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను చెప్పని సంగతి ఒకటుంది. ఆ వరుస రాసింది నేనే. మొదటిసారి క్యాలెండరు వేయించే ముందు డిసెంబరులో వర్తకుడు బడి వరండాలోకి వచ్చి, తన చేతిరాత కాగితం ఒకటి ఇచ్చి, అచ్చులో బాగుండేలా మార్చి పెట్టమని అడిగాడు. "కడుపుతోటి ఉన్నోలకి వాంతులు కడతాది" అని రాసుకొచ్చాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో చేరి రెండో సంవత్సరం. నా తెలుగు అచ్చవుతుందంటే సంబరం. ఇరవై నిమిషాల్లో నాలుగు వరుసలూ సరిచేసి ఇచ్చాను. వేవిళ్ళు అన్న మాట నేను పెట్టిందే. అది నిజమా అని అడగాలని నాకు తట్టలేదు.

మరునాటి నుంచి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అగ్గిపెట్టెలో సగం విరిచిన బ్లేడు పెట్టుకుని వెళ్ళేది. లోపలికి వెళ్ళగానే కుశలం అడగడం లేదు, ముందు గోడ వైపు చూసేది. క్యాలెండరు మొత్తం ఇవ్వమని అడిగేది కాదు. పిల్లల అక్షరాలకు కావాలి అంటారని తెలుసు. బొమ్మ కూడా తీసేది కాదు. రెండో వరుసను మాత్రం అడ్డంగా కోసి, ఆ పీలికను కొంగున ముడేసుకునేది. అదేమిటి, నీ మొహం ఉంచి రాత కోస్తున్నావేమని ఎవరో అడిగితే, మొహం అబద్ధం ఆడలేదు కదా అందట. ఇంటికి వచ్చి పీలికలు నాకిచ్చేది. నేను ఒక పుస్తకంలో ఇంటి నంబర్లు రాసి టిక్కు పెట్టేదాన్ని. నా తప్పు దాచుకుంటూ ఆమెకు గుమాస్తా పని చేశానన్నమాట.

రెండో ఏడాది క్యాలెండర్లు కూడా అప్పటికే బయటికి వచ్చాయి. అదే బొమ్మ, అవే నాలుగు వరుసలు. ఫిబ్రవరిలో పనిమీద ఒక విద్యార్థి ఇంటికి వెళ్ళాను. గోడ మీది కొత్త క్యాలెండరులో కింది నుంచి రెండో వరుస శుభ్రంగా కోసి ఉంది. కాని ప్రెస్సువాడు ఈసారి వరుసలు అటూ ఇటూ మార్చాడు. కోసేసింది ముత్యాల వంటి తెల్లదనం అన్న వరుస. వేవిళ్ళ వరుస కింద భద్రంగా ఉంది.

ఇంటికి వచ్చి ఆమె తెచ్చిన పీలికలు తీసి చూశాను. కొత్త వాటిలో నలభై ఒకటి, అన్నీ ముత్యాలే. చదవకుండానే టిక్కులు పెట్టాను.

వెళ్ళి చెప్పాను. ఆమె కోపపడలేదు. గోరు పంటి మీద పెట్టింది. మూడు దెబ్బలూ పూర్తయ్యాక, "అయితే నాకు ఆ లైను నేర్పు" అంది. అన్ని అక్షరాలూ నేర్పుతాను వదినా, కాస్త ఓపిక పడితే పుస్తకాలే చదవొచ్చు అన్నాను. "పుస్తకాలు నాకేటి సేసుకోను? అది ఎక్కడ దాక్కున్నా పట్టుకోవాల. అంతే."

ఆ వాక్యంలో ఇరవై నాలుగు అక్షరాలు. డు, వా రెండేసిసార్లు వచ్చాయి. కనుక నేర్చుకోవలసినవి ఇరవై రెండు. వారానికి రెండు చొప్పున పదకొండు వారాలు. నేను బడి నుంచి వచ్చేసరికి కొడుకు పలకతో మా గడప దగ్గర కూర్చుని ఉండేది. అ ఆలతో మొదలుపెడతానంటే వద్దంది. క-తో మొదలుపెట్టి ను-తో ముగించింది. 'ళ్ళు' దగ్గర వారం దాటింది. అది పాము చుట్టుకున్నట్టుంది అని విసుక్కుంది.

ఆ తర్వాత ఆమెతో బజారుకు వెళ్ళడం ఒక అవస్థ. తనకు వచ్చిన అక్షరాలు కనిపించిన చోటల్లా ఆగేది. "తెలుగువారు నడుపు కాఫీ హోటలు" అన్న బోర్డులో ఆమెకు కనిపించేది "వారు నడుపు" మాత్రమే. ఎవరు, ఏం నడుపుతారు అని నన్ను నిలదీసేది. ఒకరోజు గుళ్ళో కొత్త బోర్డు పెట్టారు. "రోజూ రెండు పూటలా అన్నప్రసాదం." మొదటి మూడు మాటలూ తడుముకోకుండా చదివి, అగ్గిపెట్టె తీసి బ్లేడు పట్టుకుంది. పూజారిగారు హారతి పళ్ళెంతో సహా వెనక్కి తగ్గారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని మిగతాది చదివి చెప్పాను. "దేవుడు కూడా అదే మాటలతో మొదలెట్టాలేటి?" అని గొణుక్కుంటూ బ్లేడు లోపల పెట్టింది.

మే నెల నుంచి నవంబరు దాకా తిరిగి, తప్పు కోసిన నలభై ఒకటితో సహా, కొత్తవి పాతవి కలిపి రెండు వందల పైచిలుకు ఇళ్ళలో సరిచేసింది. నవంబరు ఆఖరులో ఖలాసీ పెళ్ళాం మళ్ళీ నెల తప్పింది. మళ్ళీ వాంతులు. గుడాకు మొదటి బిడ్డ పుట్టాక కూడా మానలేదు. ఇప్పుడు మళ్ళీ ఏడుసార్లకు వచ్చింది. ఆమె వెళ్ళి బతిమాలింది. నేను వెళ్ళి చెప్పాను. ఆ పిల్ల మమ్మల్ని ఎదిరించలేదు. తల వంచుకుని ఒక్కటే మాట అంది. మీరు కోసేస్తే అయిపోతుందా, షాపాయన ప్రతి ఏడూ వేస్తూనే ఉన్నాడు, ఆయన కొత్త క్యాలెండరులో ఆ మాట తీసేస్తే అప్పుడు నమ్ముతాను, మానేస్తాను.

కొత్తవి మూడువందలు అప్పటికే ప్రెస్సు నుంచి వచ్చి దుకాణంలో కట్టలుగా ఉన్నాయి. ఆమె నన్ను తోడు రమ్మంది. రానని చెప్పడానికి నాకు కారణం ఉంది, చెప్పుకోవడానికి వీల్లేదు. వెళ్ళాను.

వర్తకుడు చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు. తన భార్య కూడా కానుపులన్నిటికీ వాడిందనీ, తన తల్లీ అంతేననీ, అందరు గుడాకువాళ్ళూ ఇలాగే వేస్తారనీ నెమ్మదిగా చెప్పాడు. ఆమె టీ ముట్టలేదు. కట్టలోంచి ఒక క్యాలెండరు లాగి గల్లాపెట్టె మీద పరిచింది. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీద ఆగుతూ, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు వింటుండగా, ఆ వరుస మొదటి నుంచి చివరి దాకా చదివింది. వర్తకుడు ఆశ్చర్యపోయాడు. ఆమెకు చదువు రాదని అతనికి తెలుసు.

"అన్నియ్యా, బొమ్మయినా తియ్యి, ఈ మాటయినా తియ్యి. నేదంటే రేపటి నుంచి నీ మెట్ల మీద కూకుంటాను. వొచ్చినోళ్ళకల్లా నా పళ్ళు సూపించి, నాను దీన్ని ఒక్కనాడూ నోట్లో ఎట్టనేదని సెప్తాను."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె కూర్చుంటానంటే కూర్చుంటుంది. "నామీద పడతావేటి సెల్లీ? నాను నా మోటు మాటలో రాసుకున్నాను. దాన్ని ఇంత అందంగా రాసిచ్చినాది ఈ టీచరమ్మే కదా" అన్నాడు. అతను దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. నేను గల్లాపెట్టె మీది ఆ నాలుగు వరుసలనే చూస్తున్నాను.

"నువ్వా?"

"నేనే వదినా."

"అది అబద్ధమని తెలిసే రాసినావా?"

"తెలియదు."

"అడిగినావా?"

"లేదు."

గోరు పంటి దాకా వెళ్ళి ఆగిపోయింది. చెయ్యి దించింది.

"నానూ అడగనేదు" అంది. తర్వాత వర్తకుడితో, "అన్నియ్యా, ఇంకు సీసా ఉందా?" అంది.

అతను తెప్పించాడు. అప్పటికే ముప్పై ఎనిమిది పంచేశాడు, వాటి సంగతి తర్వాత బ్లేడుతో చూసుకున్నాం. మిగిలినవి రెండు వందల అరవై రెండు. దుకాణం మూసి ఉండే రెండు ఆదివారాలు, మధ్యాహ్నం పూట, లోపల చాప వేసుకుని కూర్చున్నాం. కొత్తగా అచ్చు వేయించడం కుదరదన్నాడు, కొట్టేస్తే సరే అన్నాడు. ఆమె ఒక్కొక్కటీ తీసి, వరుస వెతికి, మొత్తం పైకి చదివి, ఆ తర్వాతే నా ముందుకు జరిపేది. నేను నల్ల ఇంకుతో కొట్టేసేదాన్ని. కనబడుతూనే ఉంది కదా, చదవడం ఎందుకు, ఆలస్యమవుతుంది అని ఒకసారి అన్నాను. "సదవకుండా సంతకం ఎట్టీసినట్టు కాదేటి?" అంది. ఆ తర్వాత ఆమె చదవడం పూర్తయ్యాకే కలం ముంచాను. మూడు నెలల్లో పట్టుకున్న చదువు ఆ రెండు ఆదివారాల్లో వేగం అందుకుంది. రెండో రోజు నడిమికి వేలు పెట్టడం మానేసింది.

మొదటి ఆదివారమే అందులో ఒకటి తీసుకుని నేరుగా ఖలాసీ క్వార్టరుకు నడిచింది. నన్ను కూడా రమ్మంది. ఆ పిల్ల కొట్టేసిన వరుస మీద వేలు రాసి, ఇది ఎవరు కొట్టారు, నువ్వేనా పిన్నీ అని అనుమానంగా అడిగింది.

"ఈవిడ. రాసింది కూడా ఈవిడే. అడుగు."

ఆ పిల్ల నన్ను ఏమీ అడగలేదు. నేనే చెప్పాను. ఏమీ తెలియకుండా రాశానని, ఎవరినీ అడగలేదని, అది తప్పని. చంకలో బిడ్డ నా చీర అంచు పట్టుకుని లాగింది. పదకొండు నెలల పిల్ల, ఆరునెలల పిల్లలా ఉంది.

ఆ పిల్ల ఒక్కరోజులో మానలేదు. ఏడు అయిదయ్యాయి, సంక్రాంతి వెళ్ళాక మూడయ్యాయి, మార్చిలో ఒకటి. ఏప్రిల్‌లో డబ్బా ఖాళీ అయితే మళ్ళీ కొనలేదు. జూలైలో మగపిల్లవాడు పుట్టాడు.

కబురు విని ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. మంచం తలవైపు గుచ్చిన చీటీని ఆమె తీసి, ముందు తనే పట్టుకుని పైనుంచి కిందికి వెతికింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె అక్షరాలు అందులో ఒక్కటీ లేవు. కొంతసేపు అలాగే చూసి నా చేతికిచ్చింది.

"సదువు" అంది.

బిడ్డ బరువు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు అని చదివాను.

"మళ్ళీ సదువు" అంది.

ఈసారి అంకెల మీద వేలు పెట్టి, నెమ్మదిగా చదివాను.